సెలవులో ఉన్న నావికుడు తిరిగి వస్తాడా: ఓడల యజమానులకు బహిరంగ లేఖ

ఓడల యజమానులకు, షిప్ మేనేజ్‌మెంట్ కంపెనీలను నడిపే పెద్దలకు, సిబ్బంది విభాగాల్లో పనిచేసే మిత్రులకు నమస్కారం.

ఆఫీసర్లు దొరకడం లేదని మీరు ప్రతి సమావేశంలోనూ అంటున్నారు. ఆ మాటలో అతిశయోక్తి లేదు. ఓడల యజమానుల అంతర్జాతీయ సంఘాలైన బిమ్కో, అంతర్జాతీయ షిప్పింగ్ ఛాంబర్ కలిసి 2021లో వేసిన లెక్క ప్రకారం ప్రపంచ వాణిజ్య నౌకల మీద పనిచేసేవారు సుమారు 18 లక్షల 90 వేల మంది. అర్హత పత్రాలున్న ఆఫీసర్లు అప్పటికే 26,240 మంది తక్కువయ్యారు. 2026 నాటికి మరో 89,510 మంది అవసరమవుతారని ఆ నివేదిక చెప్పింది. ఇలాంటి అంకెలు బయటికి వచ్చినప్పుడల్లా మన పరిశ్రమ కొత్త కేడెట్ల కోసం, అంటే ఆఫీసర్లు కావడానికి శిక్షణ పొందేవారి కోసం, ప్రకటనలు పెంచుతుంది, శిక్షణ సంస్థలతో ఒప్పందాలు రాసుకుంటుంది. ఆ హడావిడిలో మనం పట్టించుకోని మనిషి ఒకరున్నారు. అతను ఇప్పటికే మీ ఓడ మీద పనిచేశాడు. అర్హత ఉంది, అనుభవం ఉంది, మీ ఇంజను గదిలో ఏ పంపు ఎప్పుడు మొరాయిస్తుందో తెలుసు. ఇప్పుడు సెలవులో ఇంటి దగ్గర ఉన్నాడు. మళ్లీ రావాలా, వద్దా అని ఆలోచిస్తున్నాడు. ఈ లేఖ అతని గురించి.

ఒడ్డు మీది ఉద్యోగం మానాలంటే రాజీనామా రాయాలి, నోటీసు కాలం గడపాలి, పై అధికారికి కారణం చెప్పాలి. అన్ని దశలున్నాయి కాబట్టి మనసు మార్చుకునే అవకాశమూ ఉంటుంది, మార్పించే అవకాశమూ ఉంటుంది. ఓడ మీద పనిచేసేవారిలో చాలామందికి ఇవేవీ లేవు. సైన్ ఆఫ్ అయి, అంటే ఓడ పని ముగించి దిగి, ఇల్లు చేరేసరికి కాంట్రాక్టు ముగిసిపోతుంది. మానేయదలచుకున్నవాడు చేయవలసిందల్లా మీ తరవాతి ఫోనుకు బదులివ్వకపోవడం. తిరిగి రాదలచుకున్నవాడు మాత్రం సంతకం పెట్టాలి, వైద్య పరీక్షకు వెళ్లాలి, పెట్టె సర్దుకోవాలి, ఇంట్లోవాళ్లను ఒప్పించాలి. అంటే పరిశ్రమలో కొనసాగడమే ప్రతిసారీ ఒక కొత్త నిర్ణయం. పదేళ్లుగా మీ దగ్గరే ఉన్న చీఫ్ ఆఫీసరు నిజానికి మీ కంపెనీలో ఎన్నోసార్లు చేరాడు. నియామకం ఒక విభాగానికి, ఉన్నవారిని నిలుపుకోవడం మరో విభాగానికి అప్పగించి, వాటికి వేర్వేరు లక్ష్యాలు పెట్టిన కంపెనీలకు ఈ సంగతి కనబడదు.

నేను సెకండ్ ఇంజనీరు దాకా ఓడల మీద పనిచేసి ఒడ్డుకు వచ్చాను. ఇప్పుడు ఓడల సాంకేతిక పర్యవేక్షణ చూస్తున్నాను. కంట్రోల్ రూములో మాట్లాడుకునే మాటలూ, ఆఫీసులో మాట్లాడుకునే మాటలూ రెండూ నా చెవిన పడతాయి. ఒక మనిషి రాలేదంటే ఆఫీసులో చెప్పుకునే కారణం దాదాపు ఎప్పుడూ జీతమే: ‘పక్క కంపెనీ ఎక్కువ ఇస్తానంది, పోయాడు.’ జీతం ముఖ్యం కాదని నేను అనను. సముద్రం మీదికి ఎవరూ సరదా కోసం వెళ్లరు. కానీ జీతం కోసం పక్క కంపెనీకి మారినవాడు పరిశ్రమలోనే ఉన్నాడు. పరిశ్రమనే వదిలేసి, తక్కువ ఆదాయానికైనా ఒడ్డు మీద స్థిరపడినవారిని అడిగి చూడండి. వారు చెప్పేది తేదీల గురించి, నిద్ర గురించి, మాట నిలబెట్టుకోకపోవడం గురించి.

తేదీల సంగతి ముందుగా చెబుతాను, ఎందుకంటే నమ్మకం ఎక్కువగా చెడేది అక్కడే. కాంట్రాక్టులో ఆరు నెలలు అని ఉంటుంది. పక్కనే ‘కంపెనీ సౌకర్యాన్ని బట్టి ఒక నెల అటూ ఇటూ’ అని ఉంటుంది. ఆ నెల మీ ప్రణాళికకు వెసులుబాటు. ఓడ మీద ఉన్నవాడికి అదే నెలలో భార్య ప్రసవం ఉండవచ్చు, తండ్రి ఆపరేషన్ ఉండవచ్చు, తాను రాయవలసిన అర్హత పరీక్ష ఉండవచ్చు. ‘అటూ ఇటూ’ అని రాసినా, ఆ నెల ‘ఇటు’ జరగడం నేను చాలా అరుదుగా చూశాను. రిలీవర్, అంటే అతని స్థానంలో ఎక్కవలసినవాడు, దొరకలేదంటారు. దొరికాక వీసా రాలేదంటారు. వీసా వచ్చాక ఓడ రేవు మారిందంటారు. వీటిలో కొన్ని నిజంగా మీ చేతిలో లేనివే. అయితే రిలీవర్ దొరకకపోవడానికి ఒక కారణం, అతను కూడా తన గత కాంట్రాక్టులో ఇలాగే ఆలస్యంగా దిగి ఉండటం. ఆ కోపంతో సెలవు పొడిగించుకున్నాడు. అతని పొడిగింపు వల్ల ఓడ మీద ఉన్నవాడు ఆలస్యమయ్యాడు. రేపు ఇతనూ సెలవు పొడిగిస్తాడు. కొరత అని మీరు పిలిచే దానిలో ఒక భాగం ఇలా తయారైనదే.

సముద్ర కార్మిక ఒడంబడిక 2006లో ఆమోదం పొంది, 2013 ఆగస్టు 20 నుంచి అమలులోకి వచ్చింది. ఓడ మీద పన్నెండు నెలలు నిండకముందే ఇంటికి పంపాలన్నది దాని నియమం. కోవిడ్ కాలంలో ఆ హద్దు ఏమైందో మనందరం చూశాం. 2020 చివరినాటికి సుమారు 4 లక్షల మంది నావికులు కాంట్రాక్టు ముగిసినా దిగలేక ఓడల మీదే చిక్కుకున్నారు. కొందరు పదిహేడు నెలలకు పైగా ఉండిపోయారు. సరిహద్దులు మూసింది ప్రభుత్వాలే, ఆ తప్పు మీది కాదు. కానీ ఆ రోజుల్లో కొన్ని కంపెనీలు విమానాలు మాట్లాడి, ఓడల దారి మళ్లించి మనుషులను దింపాయి. సరుకు కోసం ఓడలను అద్దెకు తీసుకునేవారిలో కొందరైతే సిబ్బంది మార్పు కోసం ఓడ దారి మళ్లకూడదని షరతులు పెట్టారు, వాటికి తలవంచిన యజమానులూ ఉన్నారు. ఎవరు ఏం చేశారన్నది నావికులకు కంపెనీ పేర్లతో సహా గుర్తుంది. ఇవాళ కూడా మెస్ రూములో ఒక కంపెనీ గురించి కుర్రవాళ్లు అడిగితే పెద్దవాళ్లు మొదట చెప్పేది ఆ కంపెనీ అప్పుడు ఎలా నడుచుకుందన్నదే. మీ ప్రకటనల కంటే ముందుగా కొత్తవారిని చేరే సమాచారం అదే.

నిద్ర గురించి చెప్పాలంటే కాగితాల గురించి చెప్పాలి. ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, ఏ ఏడు రోజుల్లోనైనా కనీసం 77 గంటలు విశ్రాంతి ఉండాలని నియమం. రేవులో సరుకు దించడం, ట్యాంకులు కడగడం, తనిఖీలు, ఓడను రేవులోకి నడిపించే పైలట్ రాక, బంకరింగ్ అనే ఇంధనం నింపే పని ఒకదాని వెంట ఒకటి వచ్చినప్పుడు, కనీస సంఖ్యలో ఉన్న సిబ్బందితో ఆ గంటలు కుదరవు. అయినా పుస్తకంలో మాత్రం కుదురుతాయి. వరల్డ్ మారిటైమ్ యూనివర్సిటీ పరిశోధకులు 2020లో ఈ విషయం మీదే నివేదిక వెలువరించారు. పని గంటల నమోదును సర్దడం ఓడల మీద మామూలు విషయంగా మారిపోయిందని తేల్చారు. ఓడ మీద పనిచేసినవారెవరికీ అది ఆశ్చర్యం కలిగించలేదు.

దీనికీ ఉద్యోగ నిర్ణయానికీ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. అలసట ఒక్కటే అయితే మనిషి సెలవులో కోలుకుంటాడు. కానీ తాను నిద్రపోని గంటలను నిద్రపోయినట్టు రాసి సంతకం పెట్టిన మనిషికి, రేపు ప్రమాదం జరిగితే ఆ సంతకమే తన మెడకు చుట్టుకుంటుందని తెలుసు. నిజం రాస్తే ఆఫీసు నుంచి ‘ప్రణాళిక సరిగా లేదు’ అని ఉత్తరం వస్తుందనీ తెలుసు. బాధ్యత పెరిగే కొద్దీ ఈ భయం పెరుగుతుంది. సమర్థుడైన సెకండ్ ఇంజనీరు చీఫ్ ఇంజనీరు కాకముందే ఎందుకు దిగిపోయాడని మీరు ఆశ్చర్యపోతారు. చీఫ్ ఇంజనీరు పుస్తకాల మీద ఏమేమి సంతకాలు పెడుతున్నాడో అతను కొన్నేళ్లు దగ్గర నుంచి చూశాడు.

ఆ భయానికి ఆధారాలూ ఉన్నాయి. 2007 డిసెంబరులో కొరియా తీరంలో లంగరు వేసి ఉన్న హెబీ స్పిరిట్ ట్యాంకరును, తాళ్లు తెగి కొట్టుకొచ్చిన ఒక క్రేన్ బార్జి ఢీకొంది. చమురు సముద్రంలో కలిసింది. ఆగి ఉన్న ఓడ కెప్టెను, చీఫ్ ఆఫీసరు 2009 జూన్ వరకు ఇల్లు చేరలేకపోయారు. మధ్యలో జైలుకూ వెళ్లారు. 2023 నవంబరులో ఎర్ర సముద్రంలో హైజాక్ అయిన గెలాక్సీ లీడర్ ఓడ సిబ్బంది 25 మంది 2025 జనవరిలో గానీ విడుదల కాలేదు. 2024 మార్చిలో ట్రూ కాన్ఫిడెన్స్ అనే ఓడ మీద జరిగిన దాడిలో ముగ్గురు నావికులు చనిపోయారు. సముద్ర జీవితంలో ప్రమాదం కొత్త కాదు, నావికులు దానికి సిద్ధపడే వస్తారు. వారు గమనించేది అలాంటప్పుడు యజమాని ఎక్కడ ఉన్నాడన్నది. లాయరును పెట్టాడా, జీతం ఆపకుండా ఇంటికి పంపాడా, భార్యకు రోజూ ఎవరైనా ఫోను చేశారా. ఆ ప్రాంతానికి వెళ్లనన్న మనిషిని హక్కు ప్రకారం దింపారా, తరవాత పిలవడం మానేశారా.

ఇక అసలైన చోటుకు వస్తాను: సెలవు. మనిషి నిర్ణయం తీసుకునేది ఓడ మీద కాదు, ఇక్కడ. దిగిన మొదటి వారాలు నిద్రలోనూ పిల్లలతోనూ గడిచిపోతాయి. ఆ తరవాత లెక్కలు మొదలవుతాయి. అర్హత పత్రాలకు ఐదేళ్లకోసారి మళ్లీ చెల్లుబాటు తెచ్చుకోవాలి. అగ్నిమాపక, ప్రాణరక్షణ శిక్షణలు ఐదేళ్లకోసారి తిరిగి చేయాలి. వైద్య పత్రానికి రెండేళ్లకు మించి గడువు లేదు. చాలామంది ఇవన్నీ తమ సెలవు రోజుల్లో, తమ డబ్బుతో చేసుకుంటున్నారు. ఇంట్లో ఉన్న నాలుగు నెలల్లో కొన్ని వారాలు తరగతి గదికి పోతే, పిల్లల కోసం మిగిలేది ఎంతో అతని భార్యకు బాగా తెలుసు. ఈ మొత్తం కాలంలో మీ నుంచి అతనికి ఏమి అందుతోంది? అయితే మూడు రోజుల్లో ఓడ ఎక్కాలని హఠాత్తుగా ఫోను వస్తుంది, లేదంటే నెలల తరబడి ఏమీ రాదు. సెలవు జీతం లేనివాడు ఆ మౌనంలో దాచుకున్నది తింటూ కూర్చోవాలి. వచ్చే ఓడ ఏదో, ఎప్పుడో, ఏ హోదాలోనో తెలియదు. అప్పుడు ఒడ్డు మీద ఒక ఉద్యోగం కనబడితే, జీతం సగమైనా సరే, తేదీలు తెలిసిన జీవితం వైపు మొగ్గుతాడు. తేదీలు ముందే తెలిపే కంపెనీలు లేకపోలేదు. ఒకే ఓడకు ఇద్దరు చీఫ్ ఇంజనీర్లను జతగా పెట్టి, ఒకరి తరవాత ఒకరిని తిప్పుతాయి. ఎవరు ఎప్పుడు ఎక్కాలో ఏడాది ముందే తెలుస్తుంది. యంత్రాలకూ మేలే: మళ్లీ తానే రావలసిన ఓడ కాబట్టి ఎవరూ పని సగంలో వదిలి దిగరు. ఆ కంపెనీల ఓడలను తనిఖీ చేసేటప్పుడు నాకు ఆ తేడా ఇంజను గది నేల మీదే కనబడుతుంది.

ఒక మనిషిని పోగొట్టుకోవడం మీకెంత ఖరీదో మీకు నేను చెప్పనక్కరలేదు, కానీ కాలం లెక్క ఒక్కసారి చూడండి. అంతర్జాతీయ శిక్షణ ప్రమాణాల ప్రకారం డెక్ కేడెట్ వాచ్ ఆఫీసరు, అంటే వంతుల వారీగా ఓడ నడకను చూసే ఆఫీసరు, కావాలంటే ఆమోదం పొందిన శిక్షణలో భాగంగా కనీసం 12 నెలలు ఓడ మీద గడపాలి. అలాంటి ఆఫీసరు పెద్ద ఓడకు కెప్టెను కావాలంటే ఇంకో 36 నెలల సముద్ర అనుభవం కావాలి, అందులో 12 నెలలు చీఫ్ మేటుగా, అంటే చీఫ్ ఆఫీసరుగా, చేస్తే 24 నెలలు చాలు. ఇది చట్టం అడిగే కనీసం మాత్రమే. మధ్యలో సెలవులు, పరీక్షలు, పదోన్నతి కోసం ఎదురుచూపు కలిపితే ఎన్నో ఏళ్లు పడుతుంది. ట్యాంకర్లలో ఇంకో చిక్కుంది. మీ సీనియర్ ఆఫీసర్లు మీ కంపెనీలో, ఆ హోదాలో, ఆ రకం ఓడ మీద ఎన్నేళ్లు పనిచేశారో కలిపి చూస్తాయి చమురు కంపెనీలు. ఒక చీఫ్ ఆఫీసరు రాకపోతే ఆ లెక్క తప్పి ఓడకు సరుకే దొరకని పరిస్థితి వస్తుంది. ఇంత విలువైన మనిషి, సెలవులో ఉన్నప్పుడు మీ జాబితాలో ఒక ఖాళీ గడి.

మీరు పాటించే కొలమానం గురించి కూడా ఒక మాట. ట్యాంకరు యజమానుల సంఘం ఇంటర్‌ట్యాంకో సూత్రాన్ని చాలా కంపెనీలు వాడుతున్నాయి. ఏడాదిలో వెళ్లిపోయినవారిలోంచి తప్పనిసరిగా వెళ్లినవారిని, అంటే పదవీ విరమణ, అనారోగ్యం వంటి కారణాలవారిని తీసేస్తారు. వెళ్లడమే కంపెనీకి మేలైనవారినీ తీసేస్తారు. మిగిలినవారిని మొత్తం సిబ్బంది సగటుతో పోల్చి శాతం చెబుతారు. సూత్రం తప్పు కాదు. కానీ ‘మేలైన నిష్క్రమణ’ అన్న వర్గంలో ఎవరిని వేయాలో నిర్ణయించేది మీరే. విశ్రాంతి గంటల గురించి గట్టిగా మాట్లాడిన మనిషి ఆ వర్గంలో పడితే మీ శాతం చక్కగానే ఉంటుంది, ఓడ మాత్రం తన తరఫున నోరు విప్పే ఒక మనిషిని పోగొట్టుకుంటుంది. అతన్ని చూసినవారు తరవాత నోరు విప్పరు, ఏదో ఒక సెలవులో మౌనంగా తప్పుకుంటారు. వెళ్లినవారిని కారణం అడగడం కంటే, తిరిగి వచ్చినవారిని ఎందుకు వచ్చారని అడగడం మేలని నా అభిప్రాయం. వారు నిర్భయంగా చెబుతారు, ఆ జవాబులు మీకు పనికొస్తాయి.

ఒడ్డు ఉద్యోగాల గురించి మీకొక భయముంది. దారి చూపిస్తే అందరూ దిగిపోతారని అనుకుంటారు. నేను చూసింది దీనికి విరుద్ధంగా ఉంది. సూపరింటెండెంట్లు, సర్వేయర్లు, రేవు పైలట్లు, శిక్షకులు, బీమా పరిశీలకులు, వీరంతా సముద్రం నుంచే రావాలి. చీఫ్ ఇంజనీరుగా ఇన్నేళ్లు చేస్తే ఆఫీసులో ఫలానా పనికి పరిగణిస్తామని మీరు ముందే చెబితే, మనిషి ఆ హోదా దాకా ఓపికగా ఉంటాడు. చెప్పకపోతే, దొరికిన మొదటి అవకాశానికే, అర్హత పూర్తికాకముందే దిగిపోతాడు. ముప్పై దాటి, పిల్లలు బడికి వెళ్లే వయసులో దాదాపు అందరికీ ఈ ప్రశ్న వస్తుంది. అది ద్రోహమూ కాదు, బలహీనతా కాదు. కొందరికి రెండేళ్లు ఒడ్డు మీద పని ఇచ్చి మళ్లీ ఓడకు పంపవచ్చు. తల్లులైన ఆఫీసర్లకు ఈ దారి మరీ అవసరం. 2021 నివేదిక ప్రకారం నావికుల్లో మహిళలు నూటికి ఇద్దరు కూడా లేరు. ఒకసారి దిగితే మళ్లీ ఎక్కే దారి లేదంటే ఆ సంఖ్య పెరగదు.

ఇంటర్నెట్ విషయం త్వరగా ముగిస్తాను. ఇంటివారితో మాట్లాడుకునే సౌకర్యం ఇవ్వాలంటూ సముద్ర కార్మిక ఒడంబడికకు చేసిన సవరణ 2024 డిసెంబరు 23 నుంచి అమలులో ఉంది. ఇవ్వండి. దీన్ని ప్రత్యేక సదుపాయంగా ప్రకటనల్లో రాసుకోవడం ఆపండి.

కేడెట్ల గురించి మాత్రం ఇంత తేలిగ్గా దాటలేను. ఒకవైపు ఆఫీసర్లు లేరంటున్నాం, మరోవైపు చదువు పూర్తిచేసిన పిల్లలు శిక్షణకు ఓడ దొరక్క ఏళ్ల తరబడి తిరుగుతున్నారు. ఓడ మీద గడిపిన నెలలు లేనిదే వారి చదువుకు అర్హత పత్రం రాదు. ఆ నిస్సహాయతను దళారులు సొమ్ము చేసుకుంటున్నారు. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర రుసుము తీసుకోకూడదని ఒడంబడికే చెబుతోంది. అయినా అప్పు చేసి డబ్బు కట్టినవారిని నేను ఎరుగుదును. అప్పుతో ఓడ ఎక్కిన కుర్రవాడు ఆ అప్పు తీరేదాకా ఏమీ మాట్లాడడు, తీరిన రోజున అతన్ని ఆపేది ఏదీ ఉండదు. మీకు సిబ్బందిని సమకూర్చే మ్యానింగ్ ఏజెంట్ల కింద ఎవరున్నారో, వారి కింద ఎవరున్నారో మీరు కనుక్కోవాలి. చేరే ప్రతి కేడెట్‌ను మీ ఆఫీసు నుంచే నేరుగా అడగాలి: నువ్వు ఎవరికైనా డబ్బు ఇచ్చావా? ఇచ్చానంటే అతన్ని దింపకుండా, తీసుకున్నవాడిని తప్పించాలి. మీ ఓడల్లో కేడెట్ల కోసం కట్టిన గదులు ఎన్ని ఖాళీగా తిరుగుతున్నాయో కూడా లెక్క తీయండి. కొరత గురించి మాట్లాడే ప్రతి సమావేశంలో ఆ లెక్క మీ ముందు ఉండాలి.

2021 నివేదికలోనే మంచి మాట కూడా ఉంది: ఆఫీసర్లు వెళ్లిపోయే రేటు 8 శాతం నుంచి 6 శాతానికి తగ్గిందని. అంటే ఈ పరిశ్రమ మనుషులను నిలుపుకోలేనిదేమీ కాదు. తలచుకుంటే చేయగలదు.

మిమ్మల్ని నేను కోరేది పెద్ద పథకం కాదు. వచ్చే నెలలో సైన్ ఆఫ్ అవుతున్నవారి జాబితా ఇప్పటికే మీ దగ్గర ఉంది. వారు దిగకముందే, ప్రతి ఒక్కరికీ తిరిగి ఎక్కబోయే ఓడ పేరు, తేదీ, హోదా, ఈ మధ్యలో చేయవలసిన కోర్సులు, వాటి ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్నది రాసి ఇవ్వండి. తేదీ మారితే మారిన రోజునే చెప్పండి. ఆలస్యంగా దింపిన ప్రతి రోజుకూ అదనంగా చెల్లించండి, ఆ మొత్తాన్ని సిబ్బంది విభాగం ఖాతాలో కాకుండా ఓడ నిర్వహణ ఖర్చులో చూపండి. అప్పుడు రిలీఫ్ ఆలస్యం గురించి నావికుడితో పాటు మీ డైరెక్టర్లు కూడా అడుగుతారు.

ఇట్లు,
ఒకప్పటి సెకండ్ ఇంజనీరు, ప్రస్తుతం టెక్నికల్ సూపరింటెండెంట్